కాంటా ఎక్కిన యుద్ధ చరిత్ర

బాన్సువాడ పాఠకలోకానికి శుభవార్త. మన సైన్యం సరిహద్దులో చేసిన ఒక పోరు మీద ఎప్పుడో వచ్చిన లావుపాటి చరిత్ర పుస్తకానికి ఇప్పుడు సవరించిన ముద్రణ వెలువడింది. అది మన గ్రంథాలయానికి కొనదగినదా కాదా అన్నది శాస్త్రీయంగా, పారదర్శకంగా, పార్టీలకు అతీతంగా తేలుస్తామని గ్రంథాలయ కమిటీ చైర్మన్ భూమేశన్న ప్రెస్‌మీట్ పెట్టి ప్రకటించారు. ప్రెస్ నుంచి ఒకాయన, టీ తెచ్చినాయన, నేను హాజరయ్యాం. నేను రోజూ అక్కడ పేపరు చదువుకునే మనిషిని. ఫ్యాను కింది కుర్చీ వదలడం ఇష్టం లేక చరిత్రకు సాక్షినయ్యాను.

భూమేశన్నకు పుస్తకాలు కొత్త కావచ్చు గానీ కొనుగోళ్లు కొత్త కాదు. ఏళ్ల తరబడి వడ్ల కొనుగోలు కేంద్రం నడిపారు. గింజ నోట్లో వేసుకుని పటుక్కున కొరికి ఏ కాలువ కింద పండిందో చెప్పేస్తారట. రైతు కన్నీళ్లను కూడా తేమ కింద లెక్కగట్టి తరుగు తీశారని గిట్టనివాళ్లు అంటారు. గిట్టనివాళ్లు ఎక్కడైనా ఉంటారు.

పరీక్ష మర్నాడే మొదలైంది. కమిటీలో రెండో సభ్యుడు భానుప్రసాద్ గారికి వర్ని దగ్గర రైస్ మిల్లు ఉంది. ఆయన మిల్లు నుంచి కాంటా తెప్పించారు. ముందు గ్రంథాలయంలో ఉన్న పాత ముద్రణను దాని మీద పెట్టారు, తర్వాత పబ్లిషర్ పంపిన కొత్త శాంపిల్‌ను పెట్టారు. కొత్తది తేలిపోయింది.

"గిదేంది, పావుకిలో తక్కువున్నది?" అన్నారు భూమేశన్న. "కొత్తదంటే పెరగాలె గదా."

"పాతదాంట్ల తప్పులుండె సార్. అవి తీసేసిండ్రు. గందుకే పేజీలు తగ్గినయ్," అంది లైబ్రేరియన్ ప్రసన్న.

"తప్పులు తీస్తే రేటు తగ్గాలె. ఎందుకు పెంచిండ్రు?"

"తాలు తీసిన ధాన్యానికి రేటు ఎక్కువే కదండీ," అన్నారు భానుప్రసాద్ గారు.

"మరి గా తాలు ఎటు పోయింది? అది మనదే గదా, వాపస్ ఇయ్యాలె."

ప్రసన్న కొత్త పుస్తకాన్ని కాంటా మీంచి దించింది. ఆ తర్వాత పుస్తకం నడుమ తేమ మిషన్ పెట్టి చూశారు. మిషన్ ఏమీ చూపలేదు. 'సరుకు మంచిగ ఎండింది' అని భూమేశన్న ధ్రువీకరించారు. ఇంత పరీక్షలోనూ ఒక్క పేజీ నలగకుండా చూసుకున్న కమిటీ జాగ్రత్తను మెచ్చుకోకుండా ఉండలేం.

అంతసేపూ గుమ్మంలో నిలబడి చూస్తున్న జేత్యా అప్పుడు లోపలికి వచ్చాడు. తండా మనిషి. ఆ పోరులో సిపాయి. ఇప్పుడు చెరుకు వేసుకుంటున్నాడు.

"అన్నా, తూకం ఎందుకే, ఒక్క పేజీ చదువున్రి. పాతదాంట్ల నా పేరు పెట్టి, మా దళం భయపడి పోస్టు ఇడిసి ఉరికిందని రాసిండ్రు. మేం ఉరకలే. ఆర్డర్ వచ్చేదాంక ఆడనే ఉన్నం. ఇద్దరు నా పక్కపొంటే పాణమిడిసిండ్రు. రాసినాయనకు సాక్ష్యం చూపెడితే కొత్తదాంట్ల సక్కజేసిండు."

"గా పాతది ఎవలు చదివిండ్రు జేత్యా? ఎవలూ ముట్టలే."

"నా మనుమరాలు ప్రేమలత చదివింది. ఈడికే వస్తది చదువుకుందానికి. 'దాదా, నువ్వు ఉరికినవా' అని అడిగింది. లేదు బిడ్డా అన్న. 'పుస్తకంల ఉన్నది గదా దాదా' అన్నది."

నేను పేపరు మడిచేశాను. భూమేశన్న ముఖం వాడిపోయింది. అయితే ఆయన బాధ వేరు.

"కొత్తది కొంటే, పాతది తప్పని ఒప్పుకున్నట్టయితది గదా," అన్నారు.

పాతది కొన్నప్పుడు రాజ్యం వేరే పార్టీది. చైర్మన్ మాత్రం ఈయనే. ప్రభుత్వాలు ఎన్ని మారినా, ఆయన ఎన్ని కండువాలు మార్చినా, ఆ కుర్చీలోంచి అంగుళం కదలలేదు. అంత నిబ్బరం అందరికీ రాదు.

చివరికి భానుప్రసాద్ గారు దారి చూపించారు. "కొత్తది కొనేద్దామండీ. పాతదాన్నీ ఉంచుదాం. దేన్నీ నొప్పించొద్దు." తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. జేత్యా అందరికీ దండం పెట్టాడు.

ఆదివారం గ్రంథాలయం ముందు ఆవిష్కరణ సభ. ఫ్లెక్సీలో భూమేశన్న సైనిక దుస్తుల్లో తుపాకీ పట్టుకుని నిలువెత్తున వెలిగిపోతున్నారు. కింది మూల స్టాంపు సైజులో జేత్యా. కొత్త పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టి, దండ వేసి, అద్దాల బీరువాలో పెట్టి తాళం వేశారు. తాళంచెవి భూమేశన్న జేబులోకి వెళ్లింది.

"అన్నా, తాళమేస్తే ఎట్ల చదువుతరే?" అన్నాడు జేత్యా.

"గంత రేటు పెట్టి కొన్నం. పదిమంది చేతుల్ల పడితే ఖరాబైతది. చదివేటోళ్లకు పాతది ఉండనే ఉన్నది. నీ పేరు భద్రంగ ఉంటది, ఫికర్ జెయ్యకు."

సన్మాన ఘట్టం వచ్చింది. వీరుడి గురించి పుస్తకంలోంచే రెండు మాటలు చదివితే బాగుంటుందని భూమేశన్నకు తోచింది. బల్ల మీద పాతది ఉంది. "సార్, ఇది కాదు..." అని ప్రసన్న అంటుండగానే అందుకున్నారు. "ఏదైతేంది, మనిషి గాయనే గదా," అని జేత్యా పేరున్న పేజీ వెతికి, గొంతు సవరించుకుని చదివారు.

"సిపాయి జేత్యా ఉన్న దళం, శత్రువు కనిపించక ముందే భయంతో పోస్టు విడిచి పారిపోయింది."

మైకు మంచిది. ప్రతి అక్షరం బస్టాండు దాకా వినిపించింది. భూమేశన్న ఆగగానే అలవాటుగా చప్పట్లు మారుమోగాయి. వెనక ఎవరో ఈల కూడా వేశారు. జేత్యా ఏదో అన్నాడు గానీ మైకు అతని వైపు లేదు. జనం హుషారు చూసి భూమేశన్న అదే వాక్యం ఇంకాస్త గట్టిగా మళ్లీ చదివి, శాలువా కప్పారు.

సభ అయ్యాక ప్రేమలత అద్దాల బీరువా దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, దీంట్ల గూడ గట్లనే ఉన్నదా?"

"గట్లనే ఉన్నది బిడ్డా. ఇప్పుడే చదివిన గదా," అని ఆ పిల్ల తల నిమిరి భూమేశన్న కారెక్కారు. తాళంచెవి కూడా ఆయనతోనే వెళ్లింది.