మెర్సీ సిస్టర్ రాసిన జ్వరం చార్టు

కారు కొన్నది మెర్సీ కోసం. తాళంచెవి ఉన్నది విజేందర్ జేబులో. ఈ రెండు ముక్కలూ తెలిస్తే వాళ్లింటి రామాయణం సగం తెలిసినట్టే.

స్టాఫ్ నర్సు మెర్సీకి నల్లగొండ నుంచి కేతేపల్లికి బదిలీ అయింది. రోజూ బస్సులో నిలబడి పోలేక, పెట్రోలుతోనూ బ్యాటరీతోనూ నడిచే హైబ్రిడ్ కారొకటి సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. మెర్సీ డ్రైవింగ్ నేర్చుకుంది, లైసెన్సూ తెచ్చుకుంది. కానీ రెండు నెలలుగా ఆ కారులో దర్జాగా ఆఫీసుకు పోతున్నది మొగుడుగారు. ఆ ఆఫీసు ఎంత దూరమంటే, ఆయన ఇంటి గేటు దగ్గర తుమ్మితే అక్కడి అటెండరు "చిరంజీవ" అంటాడు.

"రేపటిసంది కారు నేను తీస్కపోత," అనేది మెర్సీ.

"తీస్కపో, ఎవరొద్దన్నరు? కానీ నువ్వు నడిపినప్పుడల్లా గా ఎర్రబుగ్గ ఎలుగుతాంది గదా. నడిమిట్ల ఆగిపోతే ఏంజేస్తవ్? నాకదే ఫికర్."

అబద్ధం కాదు. ఆయన నడిపితే కారు మెత్తగా పోయేది. సాయంత్రాలు ఆయనను పక్కన కూర్చోబెట్టుకుని ఈమె ప్రాక్టీసు చేస్తే మాత్రం, పది కిలోమీటర్లకే స్టీరింగ్ ముందు ఆ ఎర్రబుగ్గ లైటు వెలిగి, హైబ్రిడ్ సిస్టమ్ వేడెక్కింది, బండి ఆపండి అని అక్షరాలు పడేవి. కారు కాళ్లీడ్చేది.

విజేందర్ కారును గుర్వయ్య దగ్గరికి తీసుకుపోయాడు. ముప్పై ఏళ్లుగా లారీలకు, ట్రాక్టర్లకు రేడియేటర్లు బాగుచేసిన చేయి గుర్వయ్యది. బానెట్ ఎత్తి చూసి కాసేపు తల గోక్కున్నాడు.

"సార్, గీ బండికి నీళ్ల డబ్బాలు రెండున్నయేంది?"

"ఒకటి స్పేరు కావచ్చు," అన్నాడు విజేందర్.

ఒకటి ఇంజన్‌ది, రెండోది కరెంటు సామానుది. గుర్వయ్య ఏ డబ్బాకూ అన్యాయం చేయకుండా రెండూ ఖాళీ చేసి కొత్త కూలెంట్ నింపాడు. ముందరి ఫ్యాన్ తిప్పి చూశాడు, పైపులు పిసికి చూశాడు. మర్నాడు మెర్సీ నడిపితే ఎర్రబుగ్గ మళ్లీ వెలిగింది.

"సిస్టర్, బండిల ఏం లేదు," అని గుర్వయ్య తీర్పు చెప్పాడు. "బ్రేకు మీద కాలు ఎక్కువ పెడుతున్నరు. గందుకే వేడి."

ఆ మాట అంటూ ఆయన చూసింది మెర్సీ వైపు కాదు, విజేందర్ వైపు. విజేందర్ గోడమీది కాకిని చూస్తున్నాడు. వార్డులో ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషికి ఇద్దరు మగవాళ్లు మాట్లాడుకుని వచ్చారని పసిగట్టడం ఒక లెక్కా?

మెర్సీ ఒక కాగితం మీద గళ్లు గీసింది. తేదీ, నడిపిందెవరు, ఇంజన్ ముల్లు ఎక్కడుంది, కిటికీలు, ఏసీ.

"గిదేంది?" అన్నాడు విజేందర్.

"జ్వరం చార్టు."

"కారుకా!"

"కారుకే. ఎర్రబుగ్గ ఎలిగినప్పుడు సుత ఇంజన్ ముల్లు నడుమనే ఉంటాంది. అంటే ఇంజన్‌కు జ్వరం లేదు. ఇంకేడనో ఉన్నది."

"నర్సమ్మ మెకానిక్ అయింది పో!" అని విజేందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

పదిహేను రోజులకు చార్టు నిండింది. మెర్సీ నడిపిన ప్రతిసారీ ఏసీ బంద్, కిటికీలు బంద్. ఎందుకంటే పక్కన కూర్చున్న విజేందర్ "నాకు జలుబు చేసింది" అని ఏసీ ఆపేవాడు, "దుమ్మొస్తది" అని అద్దాలు ఎక్కించేవాడు. తను నడిపేటప్పుడు మాత్రం ఏసీ ఫుల్లు. మే నెలలో, రాళ్లు పగిలే నల్లగొండ ఎండలో, పెండ్లాం స్టీరింగ్ పట్టగానే వచ్చే జలుబు!

మెర్సీకి ఒళ్లు మండిపోయింది. రెండు నెలలు బస్సులో నిలబడ్డ నడుము నొప్పంతా కోపమై తలకెక్కింది. చేతిలో ఉన్న చపాతీ కర్ర ఎటు పోయేదో గానీ, ఆమె దాన్ని కింద పెట్టి, ఎవరూ తెరవని కారు పుస్తకం తెరిచింది. పెద్ద బ్యాటరీ వెనక సీటు దగ్గర ఉంటుందట. సీటు పక్కనున్న జాలీ గుండా కారులోని గాలిని ఫ్యాన్ లాగి దాన్ని చల్లబరుస్తుందట. జాలీకి ఏదీ అడ్డం పెట్టకూడదట. కారులో గాలి ఉడికితే బ్యాటరీకి జ్వరమేనన్నమాట.

పోయి చూస్తే జాలీ కనబడలేదు, గొంగడి కనబడింది. సీటు మాసిపోకుండా విజేందర్ పాలమూరు నుంచి కొత్త గొంగడి తెచ్చి, నాలుగు వైపులా బిగించి కుక్కాడు. దాని మీద కూర్చున్న చుట్టమల్లా వారం రోజులు గోక్కున్నాడు.

మెర్సీ దాన్ని ముట్టుకోలేదు. ఆదివారం చర్చి నుంచి రాగానే గుర్వయ్యను పిలిపించింది.

"ఇయ్యాల నువ్వే నడుపు," అంది మొగుడితో. "పానగల్లు దాటి పోయొద్దాం. ఎర్రబుగ్గ రాకుంటే జన్మల తాళంచెవి అడగ. వస్తే తాళంచెవి నాది. గుర్వయ్యన్న సాక్షి."

"మాట మీద ఉండాలె మరి!" విజేందర్ సంబరంగా కూర్చుని ఏసీ వేశాడు.

మెర్సీ ఆపేసింది. "నాకు జలుబు చేసింది."

విజేందర్ కిటికీ దించబోయాడు.

"దుమ్మొస్తది," అంది మెర్సీ.

"మే నెలల జలుబేందే!"

"నీదే నాకంటింది."

విజేందర్ చెమట తుడుచుకుని బండి తీశాడు. గంపలో గుడ్లున్నట్టు మెల్లగా నడిపాడు. వెనకాల గొంగడి మీద గుర్వయ్య ఉడికిన ఆలుగడ్డ అయిపోయాడు. పానగల్లు దాటారో లేదో, ఎర్రబుగ్గ ఠక్కున వెలిగింది.

"గుర్వయ్యన్నా, సార్ బ్రేకు మీద కాలు ఎక్కువ పెట్టిండా?"

"మాఫ్ చెయ్యి సిస్టర్! గట్ల చెప్పుమన్నది సారే!"

"గుర్వయ్యా!" అని అరిచాడు విజేందర్.

"ఏం జేయాలె సార్, ఉడుకకు నిజం ఎల్లిపోయింది."

చెట్టు నీడన కారు ఆపించి మెర్సీ గొంగడి లాగేసింది. జాలీ ఊడదీసి, లోపలి ఫిల్టర్ బయటికి తీసింది. దానికి నల్లటి ఉన్ని గుప్పెళ్లకు గుప్పెళ్లు పట్టుకుని ఉంది.

"సార్," అన్నాడు గుర్వయ్య, "మీ కారు గొర్రెపిల్లను మింగింది."

మెర్సీ ఫిల్టర్ దులిపి, బ్రష్షుతో తుడిచి, మళ్లీ బిగించింది. కారు చల్లబడ్డాక తానే స్టీరింగ్ ముందు కూర్చుంది. పరీక్షంటే పరీక్షే కాబట్టి ఏసీ వేయలేదు, అద్దాలు దించలేదు. నకిరేకల్ దాటింది. ఎర్రబుగ్గ లేదు. కేతేపల్లి వచ్చేసింది. ఎర్రబుగ్గ జాడే లేదు. పట్టరాని సంతోషంతో, ముందు ఎవరూ అడ్డం లేకపోయినా, మెర్సీ పొడుగ్గా హారన్ కొట్టింది. అప్పుడు ఏసీ వేసింది. గుర్వయ్య వెనక నుంచి చప్పట్లు కొట్టాడు. ఇల్లు చేరాక తాళంచెవి మెర్సీ పర్సులోకి పోయింది.

సోమవారం పొద్దున మెర్సీ కారు బయటికి తీసేసరికి, విజేందర్ టిఫిన్ డబ్బా పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డాడు.

"జర ఆఫీసు కాడ దింపుతవా?"

"ఎక్కు."

ఆఫీసు ముందు చాయ్ తాగుతున్న తోటి గుమాస్తా నాగరాజు, వెనక సీట్లోంచి దిగుతున్న విజేందర్‌ను చూసి నోరు తెరిచాడు. ఆయన పెండ్లానికి బండి నడపడం రాదని ఆఫీసంతా విని ఉంది మరి.

"ఏంది విజేందర్, నిన్ను మేడం తెచ్చి దింపుతాంది?"

మెర్సీ అద్దం దించి తల బయటికి పెట్టింది.

"పేషెంటును డిశ్చార్జ్ చేస్తున్ననన్నా. జలుబు తగ్గింది!"

అని గేరు వేసి, కేతేపల్లి దారి పట్టింది.