మంత్రిగారు గెలిచిన వరద

"వినోద శాఖామాత్యులు ఆదివారం జరగబోయే బోర్డ్ గేమ్స్ మహా సమ్మేళనంలో ఒక సామాన్య పోటీదారుగా పాల్గొని, గెలుస్తారు."

శుక్రవారం పేపర్లో ప్రకటన సరిగ్గా ఇలాగే పడింది. 'గెలుస్తారు' అన్నది అచ్చుతప్పేమోనని, సమ్మేళనం నిర్వహిస్తున్న లైబ్రేరియన్ వినోద శాఖ ఆఫీసుకి ఫోన్ చేసింది. అచ్చుతప్పు కాదట. మంత్రిగారు ఏ పనికైనా ముందు ఫలితం తేల్చుకుని, ఆ తర్వాతే పని మొదలుపెడతారట. అంతటి దూరదృష్టి ఈ శాఖలో ఇంతకుముందు ఎవరికీ లేదని కార్యదర్శిగారు ఫోన్లోనే పొంగిపోయారు.

లైబ్రేరియన్ పద్నాలుగేళ్ళుగా లైబ్రరీ వెనక గదిలో ప్రతి ఆదివారం ఆటల క్లబ్బు నడుపుతోంది. అందరూ ఆవిడని 'రూల్స్ మేడం' అంటారు. పావు ఒక గడి ఎక్కువ జరిపినందుకు సొంత ఆడపడుచునే బల్ల మీంచి లేపి పంపిన మనిషి. రెండొందల మందితో ఇంత పెద్ద సమ్మేళనం పెట్టడం మాత్రం ఇదే మొదటిసారి. దానికో కారణం ఉంది. శాఖవారి పాత ఫ్లెక్సీలు భద్రపరచడానికి చోటు చాలడం లేదు కాబట్టి క్లబ్బు గదిని ఖాళీ చేయమని నెల కిందట నోటీసు వచ్చింది. దాన్ని రద్దు చేసే ఉత్తర్వు టైపై, కార్యదర్శిగారి ఆకుపచ్చ ఫైల్లో పడుకునుంది. మంత్రిగారు సంతోషించి సంతకం పెట్టడమే తరువాయి.

"ఆయన సంతోషించాలంటే ఏం చెయ్యాలండీ?" అని అడిగింది ఆవిడ.

"ప్రకటన చదివారు కదా మేడం," అన్నారు కార్యదర్శిగారు.

ఆదివారం తొమ్మిదింటికి రావాల్సిన మంత్రిగారు పదకొండున్నరకల్లా వచ్చేశారు. ప్రారంభోత్సవానికి థర్మాకోల్‌తో మంచమంత పాచిక చేయించారు. మంత్రిగారు దాన్ని రెండు చేతులా ఎత్తి విసిరారు. ఒకటి పడింది.

కార్యదర్శిగారు వంగి, పాచికని కొంచెం ఎత్తి అడుగున చూశారు.

"కింద ఆరుంది సార్. ఏ నిర్మాణానికైనా అసలు బలం పునాదిలోనే కదా."

చప్పట్లు మోగాయి. మొదలుపెట్టింది పార్టీ కార్యకర్త. ఆయన్ని పార్టీలో 'చప్పట్లు' అనే పిలుస్తారు. అసలు పేరేదో ఆయనకే గుర్తులేదు.

ఇక ఏ ఆట ఆడాలన్నది శాఖలో వారం రోజులు నలిగిన సమస్య. చదరంగంలో రాజుకి ఎదురుగా నిలబడి చెక్ చెప్పడం ప్రోటోకాల్‌కి విరుద్ధమని తేలింది. పాముపటంలో మంత్రిగారు పాము నోట్లోంచి జారే ఫోటో పేపర్లో పడితే బాగుండదు. స్థలాలు కొనుక్కునే ఆట ఆయనకి బాగా అలవాటే కానీ, అందులో జైలు గడి ఉంది. లాయరు వద్దన్నాడు. చివరికి 'వరద' అనే ఆట మిగిలింది.

అది క్లబ్బులో సభ్యుడైన ఒక సిటీ బస్సు డ్రైవరు తయారుచేసిన ఆట. రెండేళ్ళ కిందట నది పొంగి ఆయన ఉండే పడమటి వీధిలోకి నడుం లోతు నీళ్ళొచ్చాయి. ఎవరు ఎవర్ని ఎత్తుకోవాలో, ఎటు పరిగెత్తాలో తెలియక వీధంతా అల్లాడిపోయింది. ఆ తర్వాత ఆయన అట్టముక్కల మీద తన పేట మొత్తం గీసుకున్నాడు. నలభై చెక్క బొమ్మలు చెక్కి ఇళ్ళ మీద నిలబెట్టాడు. ఆడేవాళ్ళు నలుగురు. ఒకరు ఇంజనీరు, ఒకరు డాక్టరు, ఒకరు పడవ, ఒకరు హెలికాప్టర్. పది రౌండ్లు. ప్రతి రౌండుకీ నీళ్ళు, అంటే నీలం బిళ్ళలు, ఒక వరుస పైకొస్తాయి. ఈలోగా బొమ్మల్ని గుట్ట మీదికి చేర్చాలి. నలుగురూ మాట్లాడుకుని ఆడితే పేట మిగులుతుంది. లేకపోతే నలుగురూ ఓడినట్టే.

మంత్రిగారు, కార్యదర్శి, చప్పట్లు, డ్రైవరు బల్ల చుట్టూ కూర్చున్నారు. రిఫరీగా లైబ్రేరియన్ నిలబడింది.

"ఇందులో నా ప్రత్యర్థి ఎవరమ్మా?" అడిగారు మంత్రిగారు.

"ఎవరూ ఉండరండీ. అందరూ కలిసి వరద మీద ఆడాలి."

మంత్రిగారు గొంతు తగ్గించారు. "వరద వెనక ఎవరున్నారు?"

"వర్షమండీ."

కార్యదర్శిగారు రాసుకున్నారు.

"మంత్రి బిళ్ళ ఏది?"

"ఇందులో మంత్రి లేడు సార్," అన్నాడు డ్రైవరు.

"మంత్రి లేని ఊరు ఏమైపోతుందయ్యా?"

"అందుకే సార్, మునుగుతోంది!" అన్నాడు చప్పట్లు.

మంత్రిగారు హెలికాప్టర్ తీసుకున్నారు. మొదటి రౌండులో దాన్ని పేట మీద ఒక చుట్టు తిప్పి, బయల్దేరిన చోటే దించారు. రెండో రౌండులోనూ అంతే.

"ఎవర్నైనా ఎక్కించుకోవాలండీ. ఒక్కోసారికి ఇద్దరు పడతారు," అంది లైబ్రేరియన్.

"ముందు పరిస్థితిని సమీక్షించాలమ్మా. తొందరపడితే ఎలా?"

ఇంజనీరైన కార్యదర్శిగారు గట్టు మీద ఇసుక బస్తాలు వెయ్యాలి. పైనుంచి ఆదేశాలు రాలేదని బస్తాలు చేతిలో పట్టుకుని కూర్చున్నారు. పైనంటే హెలికాప్టరే. చప్పట్లు పడవ వేసుకుని మూడిళ్ళకి వెళ్ళాడు కానీ, ఆ ఇళ్ళవాళ్ళు ఎవరికి ఓటేశారో తేలక ఖాళీ పడవతో తిరిగొచ్చాడు. డాక్టరైన డ్రైవరొక్కడే ఆసుపత్రి నుంచి ఒక్కో బొమ్మనీ గుట్ట మీదికి మోస్తున్నాడు.

నాలుగో రౌండుకి ఫోటోగ్రాఫర్లు వచ్చారు. "నీళ్ళు కాసేపు ఆపండి," అన్నారు మంత్రిగారు. నీలం బిళ్ళలు పట్టుకున్న లైబ్రేరియన్ చెయ్యి గాల్లో ఆగింది. పద్నాలుగేళ్ళలో ఆ చెయ్యి ఎవరి కోసమూ ఆగలేదు. ఫోటోలయ్యాక తనే బిళ్ళలు పెట్టేసింది. ఆకుపచ్చ ఫైలు ఎదురుగా కనిపిస్తుంటే తల ఎత్తలేకపోయింది.

ఏడో రౌండులో డ్రైవరు మంత్రిగారి వైపు వంగాడు.

"సార్, బడి కప్పు మీద పదిమంది పిల్లలున్నారు. నాకు అక్కడిదాకా దారి లేదు. మీరొక్క ఎత్తు వేస్తే ఇద్దరైనా బతుకుతారు."

"ఆ బడి ఎవరి హయాంలో కట్టారు?"

"తెలీదు సార్. నిన్న నేనే జిగురుతో అతికించాను."

"అంటే నాణ్యత లేదన్నమాట. విచారణ వెయ్యండి."

కార్యదర్శిగారు ఒక రౌండు విచారణకి కేటాయించారు. ఎనిమిదో రౌండులో బడి మునిగింది. డ్రైవరు ఆ పది బొమ్మల్నీ తీసి డబ్బాలో వెయ్యాలి, రూలు అది. ఒక్కోదాన్నీ విడిగా తీసి వేశాడు. చివరిదానికి కాస్త ఆలస్యం చేశాడు.

"ఏమిటయ్యా, చెక్కముక్కలకి కూడా ఏడుస్తావా?" అన్నారు మంత్రిగారు ఆప్యాయంగా.

"లేదు సార్. పడమటి వీధి బొమ్మలండీ ఇవి," అన్నాడు డ్రైవరు. ఆ వీధేమిటో లైబ్రేరియన్‌కి తెలుసు. మంత్రిగారికి తెలుసుకునే తీరిక లేదు. ఆయన అప్పుడు సమీక్షలో తలమునకలుగా ఉన్నారు.

గట్టు మీద బస్తాలు పడకపోవడంతో పదో రౌండుకి గుట్ట కూడా మునిగింది. డ్రైవరు మోసిన ఆరుగురూ పోయారు. బల్ల మీద నీలం తప్ప ఏమీ లేదు. దాని మీద హెలికాప్టర్ ఒక్కటే తిరుగుతోంది.

"ఇప్పుడు ఎవరు మిగిలారమ్మా?"

"మీరొక్కరేనండీ."

"అంటే గెలిచాను కదా!"

చప్పట్లు లేచి నిలబడ్డాడు. "ముంచినా తేల్చినా తమరే సార్!"

"రూలు ప్రకారం నలుగురూ ఓడారండీ," అంది లైబ్రేరియన్. ఆ మాట అనడానికి ఆవిడకి ఒంట్లో ఉన్న శక్తంతా కావలసివచ్చింది. కార్యదర్శిగారు ఫలితాల కాగితం ఆవిడ ముందుకి జరిపారు. దాని పక్కనే ఆకుపచ్చ ఫైలు పెట్టారు.

"మీకు ఏది నిజమనిపిస్తే అదే రాయండి మేడం. మేము ఒత్తిడి చెయ్యం. గది మాత్రం సోమవారం ఖాళీ చెయ్యాలి."

ఆవిడ డ్రైవరు వంక చూసింది.

"నా కోసం ఆలోచించకక్కా," అన్నాడాయన నెమ్మదిగా. "ఉన్నది రాసెయ్యి."

ఆవిడ కలం తీసి రాసింది. 'పేట పూర్తిగా మునిగింది. మంత్రిగారు తప్ప ఎవరూ మిగల్లేదు.' కింద సంతకం పెట్టింది.

కార్యదర్శిగారు కాగితం తీసుకుని మైకు ముందుకి వెళ్ళారు. మొదటి వాక్యం మీంచి చూపు దాటించి, రెండోది గొంతెత్తి చదివారు.

"రిఫరీగారి తీర్పు! మంత్రిగారు తప్ప... ఎవరూ... మిగల్లేదు!"

హాలు దద్దరిల్లింది. "అది కాదండీ, పైన ఇంకో వాక్యం ఉంది," అని లైబ్రేరియన్ అరిచింది. ఆవిడ ఆనందం పట్టలేక అరిచిందని మర్నాడు పేపర్లో వచ్చింది. మంత్రిగారు కప్పు అందుకుని, ఆ ఊపులోనే ఆకుపచ్చ ఫైలు మీద చదవకుండా సంతకం పెట్టేశారు.

ఒక్క అబద్ధమూ రాయకుండా ఆవిడకి గది దక్కింది. మూడు రోజులు ఎవరి మొహమూ చూడలేకపోయింది.

బుధవారం ఇంకో వార్త వచ్చింది. 'విపత్తు వేళ చెక్కుచెదరని నాయకత్వం' అన్న శీర్షిక కింద ఫోటో. నెలల తరబడి ఖాళీగా ఉన్న వరదల శాఖని వినోద శాఖామాత్యులకే అదనంగా అప్పగించారు. కార్యదర్శిగారు కూడా ఆయన వెంటే వెళ్ళారు.

పదిహేను రోజులకి, వానలు మొదలవబోతున్న వారంలో, క్లబ్బుకి వరదల శాఖ నుంచి అర్జెంటు ఉత్తరం వచ్చింది. లైబ్రేరియన్ చదివి డ్రైవరు చేతికిచ్చింది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని పైకి చదివాడు.

"నది పొంగినచో ఎవరు ఏమి చేయవలెనో తెలుపు పత్రమేదియు ఈ శాఖలో ఎంత వెదకినను లభించలేదు. కావున తమ ఆట తాలూకు రూల్స్ పుస్తకమును మూడు ప్రతులు తక్షణమే పంపగోరుచున్నాము."

"ఏం చేద్దాం తమ్ముడూ?" అంది ఆవిడ.

డ్రైవరు ఉత్తరాన్ని మడతల మీదుగానే మళ్ళీ మడిచి బల్ల మీద పెట్టాడు. "పంపించక్కా," అన్నాడు. ఆ ఆదివారం ఆట ఆడకుండానే వెళ్ళిపోయాడు.

సాయంత్రానికల్లా ఆయన ఇంట్లో మంచాల కింద, బీరువా కింద, వరద నీళ్ళకి అందకుండా ఇటుకలు చేరాయి. చీకటి పడకముందే ఆ వీధిలో మిగతావాళ్ళూ ఇటుకలు అడగడానికి వచ్చారు.