బిగుసుకున్న పిస్తోలు

ఆ సోమవారం పొద్దున శేషగిరిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, పిస్తోలు విప్పాలి, పదకొండింటికల్లా స్టేషన్లో చూపించి రావాలి. "లైసెన్సు కావాలంటే విప్పి, ఖాళీగా ఉందని చూపించండి. లేకపోతే జప్తు చేస్తాను" అని తిరువూరుకు కొత్తగా వచ్చిన ఎస్సై కబురు పెట్టాడు.

జప్తు! ఆ మాటకే శేషగిరిరావుకు ఒళ్లు మండిపోయింది. 1962లో ఆస్తులు పంచుకున్నప్పుడు రెడ్డిగూడెం మామిడితోట తమ్ముడు వెంకటకృష్ణారావుకు వదిలేసి, తండ్రి పిస్తోలు తీసుకున్న మనిషి ఆయన. "అన్నయ్యా, అసలు ఆ పిస్తోలు..." అని తమ్ముడు నోరు తెరవగానే "నోర్ముయ్! దానిమీద కూడా కన్నేశావా?" అని గదమాయించాడు. అప్పటినుంచి పన్నెండేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

ఇప్పుడు ఆ పిస్తోల్లో గుళ్లు పెట్టే చక్రం తిరగడం లేదు. దాన్ని పట్టి ఉంచే ఇరుసు ఊడి రావడం లేదు. ఎందుకొస్తుంది? ఏటా దసరాకు భార్య శ్యామలాదేవి దానికి పసుపు రాసి, కుంకుమ అద్ది, కొబ్బరినీళ్లు చిలకరించింది మరి.

"పూజ చెయ్యమన్నది మీరేగా?" అందామె.

"పూజ చెయ్యమన్నానే, ఊరగాయ పెట్టమన్లేదు!"

గడియారాలు బాగుచేసే శౌరయ్యను పిలిపించారు. అతను సందుల్లో కిరసనాయిలు పోసి, చెక్కపుల్లతో చుట్టూ మెల్లగా తట్టాడు. "రెండ్రోజులు నాననివ్వండి బాబుగారూ, అదే వస్తుంది. బలవంతం చేస్తే విరుగుతుంది" అన్నాడు.

"రెండ్రోజులా! అప్పటిదాకా ఎస్సైకి నీ మొహం చూపించనా?"

శేషగిరిరావు పిస్తోలు లాక్కున్నాడు. పట్టు కోసం ట్రిగ్గరు చుట్టూ ఉన్న కమ్మీలో రెండు వేళ్లు దూర్చి, పటకారుతో ఇరుసును ఒక్క గుంజు గుంజాడు. ఇరుసు రాలేదు. వేళ్లూ రాలేదు. కెంపుటుంగరం అడ్డం పడింది, లాగినకొద్దీ వేళ్లు వాచాయి.

"ఇప్పుడు బిగిసినవి రెండయ్యాయండి" అన్నాడు శౌరయ్య.

"సబ్బు తేనా?" అంది శ్యామలాదేవి.

"సబ్బూ వద్దు, సాంబ్రాణీ వద్దు!" అని అరిచి, పదిన్నర దాటిందని చూసుకుని, ఆయన అలాగే వీధిలోకి దిగాడు. కిరసనాయిలుకు పన్నెండేళ్ల కుంకుమ కరిగి తెల్ల లాల్చీ మీద కారుతోంది. కోపంలో ఆయన అది చూసుకోలేదు.

బస్టాండు దగ్గర టీకొట్టు అంతోనయ్య వెనక్కి జరుగుతూ అడిగాడు, "ఎక్కడికండీ?"

"స్టేషన్‌కి!"

బెజవాడ బస్సులో జనం సీట్ల కింద దూరారు. చేతిలో పిస్తోలు, లాల్చీ నిండా ఎరుపు, వెళ్లేది స్టేషన్‌కి. ఇంకేం కావాలి? తమ్ముణ్ణి కాల్చేసి లొంగిపోవడానికి వెళ్తున్నాడని ఊరు తేల్చేసింది.

"నేనెవర్నీ చంపలేదురా, దరిద్రుల్లారా!" అని ఆయన పిస్తోలు ఊపాడు. దాంతో ఉన్నవాళ్లు కూడా పరుగో పరుగు.

ఆయన్ని చూడగానే ఎస్సై బల్ల వెనక్కి దూకాడు. "పిస్తోలు కింద పడెయ్యండి!"

"పడేస్తే పడితేగా! ఊడి చావడం లేదయ్యా!"

అంతలో, బజారుకొచ్చి ఆ వార్త సగం విన్న వెంకటకృష్ణారావు సైకిలు మీద రొప్పుతూ వచ్చాడు. "అన్నయ్యా! ఎవర్ని చంపావు?"

"నిన్నేనట!"

వెనకే శౌరయ్య సబ్బుముక్కతో వచ్చాడు. నురగ పట్టించి, మెల్లగా తిప్పుతూ ముందు వేళ్లు విడిపించాడు. తర్వాత చెక్కపుల్లతో రెండు దెబ్బలు తట్టాడు. దారంతా ఊపిన ఊపుకు కిరసనాయిలు లోపలిదాకా దిగిందేమో, ఇరుసు ఒక్క గీత కూడా పడకుండా జారి వచ్చేసింది. చక్రంలో పసుపు తప్ప ఏమీ లేదు.

శేషగిరిరావు మీసం దువ్వాడు. ఎస్సై పిస్తోలు గొట్టంలోకి పెన్సిలు దూర్చాడు. అది అరంగుళం వెళ్లి ఆగిపోయింది. లోపలంతా గట్టి ఇనుము.

"ఇది నాటకాల పిస్తోలండి. దీనికి లైసెన్సు అక్కర్లేదు, తీసుకెళ్లండి."

"దొంగల్ని బెదిరించడానికి కొన్నానని నాన్న నాతో అన్నాడు. పంపకాల రోజున నేను చెప్పబోయింది అదే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు.

శేషగిరిరావు అరవడానికి నోరు తెరిచాడు. ఎవరి మీద అరవాలో తోచలేదు.

ఆ వేసవిలో తోట విరగకాసింది. తమ్ముడు బుట్టెడు రసాలు పంపిస్తే, శేషగిరిరావు నోరు మూసుకుని తిన్నాడు.