యూలో కాపలా కాసిన నిద్ర

ఆ ఉదయం కోచ్ యూలో వేసుకున్న పథకం చాలా చిన్నది. హర్డిల్స్, డిస్కస్ అయ్యాక శిష్యుడు కారెల్ కాసేపు పడుకోవాలి. పోల్‌వాల్ట్ వేళకు తనే లేపాలి. పది అంశాల డెకాథ్లాన్‌లో రెండో రోజు మధ్యాహ్నం కునుకు తీయనివాడు ఆఖరి పరుగులో కూలబడతాడని టార్టూ ఊళ్లో అందరికీ తెలుసు.

ఏడాది ర్యాంకింగ్ అంటే మూడు పోటీల పాయింట్ల మొత్తం. కారెల్‌కి ఇదే మూడోది. మొదటి ఎనిమిది మందిలో నిలిస్తే జాతీయ జట్టులో ఉంటాడు, లేకపోతే సోమవారం నుంచి బాబాయి దగ్గర కుళాయిలు బిగించుకోవాలి. పది అంశాల్లో ఒక్కదానికి దిగకపోయినా పోటీ మొత్తం పోయినట్టే. 

విశ్రాంతి గదిలో కారెల్‌కి యూలో తన భార్య నేసిన ఎర్ర ఉన్ని దుప్పటి కప్పాడు. స్పీకర్ అరిచి నిద్ర చెడగొడుతుందని, వరండా చివర కుర్చీ ఎక్కి, కుస్తీపట్టి దాని తీగ పీకేశాడు. తిరిగొచ్చి అక్కడ కాపలా ఉండే లేయిదాని పిలిచాడు.

"తాళం వేసెయ్ అమ్మా. ఈగ కూడా దూరకూడదు."

"లోపల ఎవరున్నారో చూశావా నాయనా?"

"ఎర్ర దుప్పటి కనబడుతోందిగా, వెయ్!"

ఆవిడ తాళం వేసి, తాళంచెవి జేబులో పడేసుకుని భోజనానికి పోయింది. యూలో గుమ్మం ముందే కూర్చున్నాడు. ఇంతలో లాట్వియా కోచ్ రొప్పుతూ వచ్చాడు.

"మా గాటిస్ కనబడ్డాడా?"

గాటిస్ అంటే ర్యాంకింగ్‌లో కారెల్‌ వెన్నంటే ఉన్నవాడు.

"ఇక్కడ లేడు. గట్టిగా మాట్లాడకు, మావాడు పడుకున్నాడు," అన్నాడు యూలో, లోలోపల సంతోషిస్తూ.

మైదానంలో పోల్‌వాల్ట్ పిలుపు వినబడింది. యూలో తలుపు లాగాడు. తాళం! లేయిదా జాడ లేదు. తలుపు బాదాడు, లోపల ఉలుకూ పలుకూ లేదు.  గోడ చుట్టూ పరుగెత్తి కిటికీలోంచి దూరాడు. ప్యాంటు మేకుకి తగులుకుని వెనకంతా చిరిగిపోయింది.

"లేవరా కుంభకర్ణుడా!" అంటూ దుప్పటి లాగాడు.

లేచినవాడు గాటిస్.

"మీరు లేపకపోతే మునిగిపోయేవాణ్ణి మాస్టారూ!" అని యూలోని కావలించుకుని, అదే కిటికీలోంచి దూకి పరుగు తీశాడు.

కిటికీ అవతల, పోల్ పట్టుకుని కారెల్ నిలబడి ఉన్నాడు.

"మీరు బయటికెళ్లాక నిద్ర పట్టలేదు మాస్టారూ. పక్కన గాటిస్ చలికి ముడుచుకుని పడుకుంటే దుప్పటి కప్పి వచ్చేశా. స్పీకర్ మోగితే లేస్తాడులే అనుకున్నా!"

 శత్రువుని యూలో తనే కాపలా కాసి, తనే లేపి పంపాడు.

ఆఖరి పరుగులో కారెల్ కాళ్లు బరువెక్కాయి. యూలో కళ్లు మూసుకున్నాడు. ముందు పరుగెత్తుతున్న గాటిస్ వెనక్కి తిరిగి అరిచాడు: "నా వీపే చూస్తూ రా!" ఆ వీపునే చూస్తూ కారెల్ గీత దాటి పడ్డాడు. ఏడాది జాబితా బోర్డు మీదికొచ్చింది. గాటిస్ ఏడు, కారెల్ ఎనిమిది. యూలో పసిపిల్లాడిలా ఏడ్చాడు.

ఆటగాళ్లంతా చేతులు పట్టుకుని జనానికి దండం పెడుతూ యూలోనీ లాక్కొచ్చారు. ఎర్ర దుప్పటి నడుముకి చుట్టుకుని వచ్చాడు.

"అంత చలిగా ఉందా మాస్టారూ?" అన్నాడు కారెల్.

"ఉంది. వెనకవైపు."