బతికున్న శాంపిల్

కాఫీ చల్లారేలోపు రంగు ఖాయం చేసుకుని, పట్టునూలు అద్దకానికి పంపేయాలన్నది ఆ ఉదయం జయచంద్ర వేసుకున్న పథకం. ధర్మవరంలో నాలుగు మగ్గాల యజమానికి అదేమంత పెద్ద పని కాదు. ఫోన్లో ఫొటో చూసి రంగు కలపడం మాత్రం ఆయన ఎప్పుడో మానేశాడు. ఫొటోలో వంకాయరంగు, చీరలోకి వచ్చేసరికి ఇంకేదో అయి, ఒకసారి వీధంతా వినబడేలా గొడవ జరిగింది. అప్పట్నుంచి ఒకటే నియమం. ఏ రంగు కావాలో ఆ వస్తువునే తెచ్చి ఎదురుగా పెట్టాలి. గాజులు తెచ్చినవాళ్లున్నారు, పండుమిరపకాయ తెచ్చినవాళ్లున్నారు.

హిందూపురం నుంచి వచ్చిన భాగ్యశ్రీ ఒక సీసా తెచ్చింది. అందులో మూడు ఎర్రటి రొయ్యలు తిరుగుతున్నాయి.

"నా పెళ్లిచీర ఈ రంగే కావాల సార్."

"ఇంత చిన్నవి. కూరకు చాలవు కదమ్మా" అన్నాడు జయచంద్ర.

"కూరకా! పెంచుకునేవి సార్, మా అక్వేరియంలోవి. బియ్యపుగింజంత మేత, అదీ దినం మార్చి దినం. ఎక్కువేస్తే నీళ్లు చెడిపోయి చస్తాయి. తింటాండాయా, తిరుగుతాండాయా, ఆ రెండే చూడండి. వచ్చే వారం వస్తా. నచ్చితే పెళ్లి చీరలన్నీ మీకే."

ఆషాఢం. రెండు మగ్గాలు ఖాళీ. ఈ పని దొరికితే దసరా దాకా నాలుగూ ఆడతాయి. జయచంద్ర సీసాను రెండు చేతులతో అందుకున్నాడు.

రంగులద్దే వెంకటస్వామి వచ్చి సీసాను అటూ ఇటూ తిప్పాడు. "గాజులోంచి రంగు తేలదప్పా. తెల్లదాంట్లో పెట్టు." జయచంద్ర భార్య హేమావతి తెల్ల పింగాణీ గిన్నె తెచ్చింది. రొయ్యలు అందులోకి మారాయి. వెంకటస్వామి వంగి తదేకంగా చూసి, రంగును తలలో పెట్టుకుని, దారిలో పలకరించినవాళ్లకు బదులైనా ఇవ్వకుండా ఇంటికి పరుగెత్తాడు.

మధ్యాహ్నం నిప్పులాంటి ఎర్ర పట్టునూలు చిలపతో తిరిగొచ్చాడు. గిన్నెలో లేత గులాబీ రంగు రొయ్యలున్నాయి.

"ఏమప్పా, ఇంత ఎరుపు అద్దుకొస్తివి?"

"నా రంగు సరిగానే ఉండాది. నీ రొయ్యదే రంగు దిగింది."

"బతికుండేది యాడన్నా రంగు దిగుతాదా?"

"దిగింది కదా, కండ్ల ముందర! నీళ్లకు అంటిందేమో చూడు."

జయచంద్ర నిజంగానే తెల్లగుడ్డ ముంచి చూశాడు. అంటలేదు.

అప్పటిదాకా గడపలో కూర్చుని చూస్తున్న ఆయన తల్లి హనుమమ్మ లేచింది. "ఆకలి నాయనా, ఆకలి! తిండి లేకుంటే మొగం పాలిపోదా?" అంటూ, ఎవరూ వద్దనే లోపు నిమ్మకాయంత రాగిసంగటి ముద్ద గిన్నెలో వేసింది.

తెల్లవారేసరికి గిన్నెలో నీళ్లు కావు, గంజి ఉంది. రొయ్యలు మూడూ అంచుకు అంటుకుని పైకి వచ్చి ఉన్నాయి. తినడం లేదు, తిరగడం లేదు. చూడమన్న రెండూ పోయాయి. జయచంద్రకు నాలుగు మగ్గాలూ ఒక్కసారే ఆగిన చప్పుడు వినిపించింది.

హేమావతి పెనుకొండలో ఉన్న తమ్ముడు ఆనంద్‌కు ఫోన్ కలిపి భర్త చేతికిచ్చింది. అతనింట్లో చేపల తొట్లున్నాయి.

"సంగటేసినారా? ఊరిబిండి పచ్చడి కూడా పక్కన పెట్టాల్సింది బావా!"

"నువ్వు తర్వాత నవ్వబ్బా, ముందు చెప్పు!"

"సంగటి తీసెయ్. నిన్న పట్టిపెట్టిన నీళ్లతో కొంచెం కొంచెంగా మార్చు. రేపటిదాకా మేత లేదు. తెల్లదాంట్లో పెడితే యాడ దాక్కోవాలో తెలీక పాలిపోతాయి, నల్లచట్టిలో పెట్టు. నీళ్లు తేరినాక ఉడికిన పాలకూర గోరంత వెయ్. వీపు మీద నల్లగీత కనపడితే కడుపు నిండిందని."

చట్టి వచ్చింది, నీళ్లు మారాయి. ఈ సంగతి వెంకటస్వామికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. అతను కష్టపడి లేత గులాబీ చిలప అద్దుకొచ్చేసరికి చట్టిలో ఎర్ర రొయ్యలు పాలకూర గీరుతున్నాయి.

"ఎవరప్పా వీటికి రంగేసింది?" అన్నాడు కోపంగా. ఊళ్లో తనకు పోటీ ఎవరా అని అతని అనుమానం.

మళ్లీ ఎరుపు అద్దాడు. ఈలోగా పాలకూర ఒంటబట్టి రొయ్యలు దానిమ్మగింజల రంగుకు తిరిగాయి. దానిమ్మ రంగు తెచ్చిన రోజు ఎండలో చట్టి మూత తీసి ఉంది. అవి నారింజకు దిగాయి. వారం తిరిగేసరికి జయచంద్ర ఇంటి దండెం మీద ఎన్ని రకాల ఎరుపులుంటాయో అన్నీ ఆరుతున్నాయి.

భాగ్యశ్రీ రావలసిన ఉదయం హేమావతి కేక పెట్టింది. చట్టి అడుగున రొయ్య పడి ఉంది. కాళ్లు, మీసాలు, తోక అన్నీ ఉన్నాయి. రంగు మాత్రం చుక్క లేదు, గాజులా ఉంది. జయచంద్ర దాన్ని చెంచాతో పైకి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. మిగిలినవాటిని లెక్కపెట్టాడు. ఒకటి, రెండు... మూడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"మూడు ఇచ్చింది. మూడూ బతికే ఉండాయి. మరి ఈ శవం ఎవరిది?"

జయచంద్ర, దండెం దగ్గర చిలపలు సర్దుతున్న వెంకటస్వామి వైపు చూశాడు. "నువ్వేమన్నా కొత్తది తెచ్చి కలిపినావా?"

"నాకు నూలే కలవకుండా ఉండాది, రొయ్యల్ని యాడ కలిపేది!"

పైగా చట్టిలో రెండు రొయ్యలు పిచ్చెక్కినట్టు గిరగిరా ఈదుతున్నాయి. విషమే. సందేహం లేదు. సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది. జయచంద్ర గుప్పిట మూశాడు.

భాగ్యశ్రీ ఎవరినీ పలకరించకుండా నేరుగా చట్టి ముందు కూర్చుంది. చాలాసేపు చూసింది. తల ఎత్తకుండానే అడిగింది. "చేతిలో ఏముండాది సార్?"

గుప్పిట తెరుచుకుంది.

"అయ్యో, తీసేస్తిరా? అది పొట్టు సార్! చొక్కా పొట్టిదైతే విప్పినట్ల, పెరిగినప్పుడు పాత పొట్టు విడుస్తాది. లోపలే ఉంచితే కొరుక్కుతింటాది, బలం." ఆమె చట్టిలో మూలన ఉన్నదాన్ని చూపించింది. "దీని కడుపు కింద చూడండి, గుడ్లు! ఆ రెండు మగవీ దీనికోసమే తిరుగులాడింది."

జయచంద్ర పొట్టును గబుక్కున మళ్లీ చట్టిలో వేశాడు.

"ఇంతకుముందు ఒక షాపులో ఇట్లనే మూడు ఇచ్చింటి" అంది భాగ్యశ్రీ. "రెండోనాడే ఉత్త సీసా పంపించిరి. ఇంత ప్రాణాన్ని చూసుకోలేనోళ్లు నా చీరనేం చూస్తారు? మీ ఇంట్లో గుడ్లు కూడా పెట్టిందంటే ఎంత పద్ధతిగా మేపినారో! చీరలన్నీ మీకే సార్."

హనుమమ్మ సంగటి మాట ఎత్తబోయింది. హేమావతి అత్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

వెంకటస్వామి దండెం మీది చిలపలన్నీ లాగి చాప మీద పరిచాడు. "పెళ్లిచీరకు ఇందులో ఏది తల్లీ?"

"ఇవన్నీ చుట్టాల చీరలకు వాడండన్నా. నా చీరకు మాత్రం ఎరుపు వద్దంటాండాది మా కాబోయే అత్త, పచ్చ కావాలంట. వాళ్లింట్లో లవ్ బర్డ్స్ ఉండాయి. అందులో మగదాని రెక్క కింద ఉండే పచ్చ. రేపు పంజరంతోనే పంపిస్తా."

ముదురు పచ్చా, లేత పచ్చా అని వెంకటస్వామి అడగలేదు.

"అవేం తింటాయమ్మా?" అన్నాడు.