మా మందిరం గుమ్మటం పుణ్యమా అని

ప్రసంగం అర్థం కాకపోవడం భక్తుడికి పెద్ద వరం. నవ్వకండి. మా కొత్త ప్రార్థన మందిరంలో కూర్చున్నాక చెబుతున్న మాట ఇది.

పాలరాతి నేల, అద్దాల గోడలు, పైన గుమ్మటం. పరదాలు కట్టండి, తివాచీలు పరవండి, లేకపోతే ఒకటే మోత అని ఇంజనీరు మొత్తుకున్నాడు. "ఇంత నున్నటి రాయి వేసింది కప్పెట్టడానికా?" అన్నారు కమిటీవాళ్లు. నేనూ తలూపాను.

ఇప్పుడు గురువుగారు ఒక మాట అంటే గుమ్మటం నాలుగుసార్లు అంటుంది. మొదటి మాట తిరిగొచ్చే దారిలో మూడో మాట ఎదురై గుద్దుకుంటుంది. మైకు ముందు ఆయన దగ్గితే ఆశీర్వాదం అనుకుని వెనక వరసలు దణ్ణం పెడతాయి.

ఎంత హాయి! కోపం తగ్గించుకోమన్నారో పెంచుకోమన్నారో తెలియనప్పుడు మనిషి మారేదెలా? వినపడితే పాటించాలి. పాటించకపోతే పాపం. మాకా బెడద లేదు.

ఆ గుమ్మటానికి ఇంకో మహిమ కూడా ఉందని ఈమధ్యే తెలిసింది.

ఆమధ్య కొన్నాళ్లు మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఏం చెప్పినా ఫోన్ చూస్తూ "ఊఁ" అంటానట. "మీకంటే గోడకు చెప్పుకోవడం నయం. కనీసం మారుమోగుతుంది" అని ఊరుకుంది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, నాకు ముద్ద దిగేది కాదు.

మొన్న ప్రసంగం మోతలో ఎవరికీ వినపడదులే అన్న ధైర్యంతో, మగవాళ్ల వైపు మూలన కూర్చుని గొణిగాను: "దేవుడా, ఆవిడ చేత ఒక్క మాట అనిపించు. తిట్టినా సరే. ఫోన్ పక్కన పెట్టి వింటాను."

ఇంటికొస్తుంటే దారిలో ఆవిడే అంది: "ఆ ముక్కేదో వంటింట్లోకొచ్చి చెబితే నేను విననా? మధ్యలో దేవుడికెందుకు శ్రమ?"

"నీకెలా వినపడింది? నువ్వు ఆ చివర ఆడవాళ్లలో ఉన్నావు కదా?"

"మీ గుమ్మటం మోసుకొచ్చింది. గురువుగారిది ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, మీ గొణుగుడు మాత్రం చెవిలో చెప్పినట్టు వినపడింది."

చూశారా మహిమ! ఇక పరదాలెందుకు, తివాచీలెందుకు?

ఒక్కటే చిన్న వెలితి. ఆ రోజు ప్రసంగం దేని గురించో తర్వాత గుమ్మం దగ్గర బోర్డు మీద చూశాను: 'ఇంట్లోవాళ్ల మాట చెవిన పెట్టడం ఎలా?'

"ఇకనైనా పరదాల సంగతి కనుక్కోండి" అంది మా ఆవిడ. ఫోన్ పక్కన పెట్టి మరీ విన్నాను. వెంటనే వెళ్లి కమిటీవాళ్లని మందిరంలోనే అడిగాను.

వాళ్లేదో అన్నారు. నాలుగుసార్లు అన్నారు. మీకేమైనా వినపడిందా?