కారం ఎక్కాలంటే కరువు రావాలి

మద్రాసుకు నీటి కరువు వచ్చిందని ఏడ్చేవాళ్ళను చూస్తే నాకు జాలేస్తుంది. కరువు వరమండీ! నమ్మరా? అయితే మీరు ఎప్పుడూ మిద్దె మీద మిరప మొక్క పెంచి ఉండరు.

నేను పెంచాను. నా పేరు ధర్మలింగం. జార్జి టౌన్‌లో ముప్ఫై ఏళ్ళుగా ఎండుమిరపకాయల హోల్‌సేల్ వ్యాపారం. బస్తా పక్కన నిలబడి ఒక్క తుమ్ము తుమ్మితే ఆ సరుకు ఏ ఊరిదో చెప్పగలను. కానీ మిరప మొక్క మొహం చూసింది మాత్రం నా యాభై రెండో ఏట, అంటే పోయిన సంవత్సరం, తొంభై రెండులో!

కొట్లో బస్తా అడుగున రాలిన గింజలు పొట్లం కట్టి తెచ్చి మిద్దె మీద పది కుండీలలో చల్లాను. పొద్దున ఒక బకెట్టు, సాయంత్రం ఒక బకెట్టు. పసిబిడ్డకు పాలు పట్టినట్టు నీళ్ళు పట్టాను. మొక్కలు నా భుజం దాకా పెరిగాయి. జానెడేసి కాయలు, నిగనిగలాడుతూ! తొలి కాయ నా చేత్తోనే కోసి మా ఆవిడ వాసవాంబకు ఇచ్చాను. ఆవిడ కొరికి, నింపాదిగా నమిలి, తొడిమ దాకా తినేసింది.

"ఏమండీ, ఇది మిరపకాయా, దోసకాయా?"

మధ్యాహ్నానికి వార్త బజారంతా పాకింది. మిరపకాయల ధర్మలింగం ఇంటి కాయకు కారం లేదట! బండి లాగే మారిముత్తు తల గోక్కుంటూ వచ్చి, "అయ్యా, పాయసంలో వేసుకునే మిరపకాయలు మీ ఇంట్లో ఉండాయంట గదా?" అని అడిగాడు. ముప్ఫై ఏళ్ళ పరువు!

మా కొట్టుకు సరుకు తెచ్చే రైతు జనార్దనం అసలు సంగతి చెప్పాడు. "నీళ్ళు ఎక్కువ పోసినావప్పా. మిరపను దాహంతో పెట్టాల. అప్పుడే దానికి కోపం వస్తాది."

చెప్పడం సులువే. కళ్ళ ముందు మొక్క వాడిపోతుంటే చెయ్యి ఆగుతుందా? నా చేతిని ఆపడానికి తొంభై మూడులో సాక్షాత్తు ఆ వరుణుడే పూనుకున్నాడు. కొళాయి తిప్పితే ఈల వేసింది. చేతి పంపు కొడితే దగ్గింది. చివరికి నాలుగు రోజులకొకసారి లారీ, ఇంటికి ఎనిమిది బిందెలు. ఎన్ని లాభాలో చూడండి! చెంబెడు నీళ్ళతో స్నానం చెయ్యడం నేర్చుకున్నాం. చుట్టాల రాకపోకలు తగ్గాయి. బియ్యం మొదటిసారి కడిగిన నీళ్ళు గిన్నెలకు, రెండోసారి కడిగినవి నా మిరపకు అని వాసవాంబ చట్టం చేసింది.

ఆకులు ముడుచుకున్నాయి. మొక్కలు ముసలివాళ్ళలా వంగాయి. అయినా మే నెలలో చిటికెన వేలంత కాయలు కాశాయి. అబ్బ, ఏం కాయలు! ఒక కాకి ఒక్క కాయను పొడిచి, గాల్లో రెండు గిరికీలు కొట్టి, ఎన్నూరు దిక్కుగా పోయింది. మళ్ళీ మా వీధిలో కనబడలేదు. రెండు కాయలు తరిగినందుకు వాసవాంబ చేతులు సాయంత్రం దాకా మండాయి. నాకెంత గర్వమో!

ఆ గర్వంలోనే, మైలాపూరు నుంచి వచ్చిన నా బావమరిది శ్రీకుమార్‌కు ఆ కాయల పచ్చడి వేయించాను. రెండో ఇడ్లీకి వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అక్కా, తణ్ణి! తణ్ణి!" అని నీళ్ళ కోసం అరవంలో కేకలు. ఒక చెంబు, రెండు చెంబులు... తాగడానికి దాచిన బిందెలో సగం ఖాళీ!

వాడు వెళ్ళాక వాసవాంబ నా వైపు తిరిగింది.

"ఈడ గొంతు తడుపుకునేదానికి నీళ్ళు లేకపోతే, మీరు నీళ్ళు తాగించే కాయలు పండిస్తిరా? ఆ బిందె ఎవరు మోసినారో తెలుసునా? రేపు లారీకి మీరే పోండి."

పోయాను. తెల్లవారి ఆరింటికి రెండు ప్లాస్టిక్ బిందెలతో వీధి మొగలో నిలబడ్డాను. పక్కింటి అలమేలు నవ్వింది. "ఏం చెట్టియారే, దారి తప్పినారా? వరస ఆడ మొదలు." నా ముందు డెబ్బై మంది ఆడవాళ్ళు, వాళ్ళ చుట్టూ రంగురంగుల బిందెలు. ఎనిమిదయింది, పది దాటింది. లారీ లేదు. నెత్తి మాడుతోంది, కాళ్ళు పీకుతున్నాయి. ఆరు నెలలుగా వాసవాంబ ఇలాగే నిలబడి, ఎనిమిదేసి బిందెలు రెండంతస్తులు మోసిందని నాకు ఆ పూట తెలిసింది. నేనేమో మిద్దె మీద కాయలు లెక్కపెట్టుకున్నాను!

పదకొండింటికి అలమేలు కూతురు ఆశ పరుగెత్తుకుంటూ వచ్చింది. "అమ్మా, లారీ పెద్ద రోడ్డులో ఆ పెద్దోళ్ళ బంగళా కాడ నిలిచుండాది! గడ్డికి నీళ్ళు కొడతా ఉండారు!"

పాపం ఆ గడ్డి! ఎన్ని నీళ్ళు తాగినా దానికి కారమెక్కే యోగం లేదు. అయినా ఆ పెద్దమనుషులు నీళ్ళ భారమంతా తామే మోస్తూ, కరువనే భాగ్యాన్ని మాకు వదిలేశారు. చేతులెత్తి మొక్కవద్దూ?

ఆడవాళ్ళు మొక్కలేదు. ఖాళీ బిందెలతో నడిచివెళ్ళి పెద్ద రోడ్డుకు అడ్డంగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య నేను. బస్సులు వరుసగా ఆగిపోయాయి. జీపులో ఒక ఆఫీసరు దిగి, "మీ లీడర్ ఎవరు?" అన్నాడు. అలమేలు తడుముకోకుండా నన్ను చూపించింది!

"చెప్పండి సార్, మీ కంప్లెయింట్ ఏంటి?"

కరువు లాభాల మీద నా దగ్గర గంటసేపటి ఉపన్యాసం ఉంది. నోరు తెరిచాను. నాలుక అంగిట్లో అతుక్కుపోయింది.

"నీళ్ళు," అన్నాను.

అరగంటలో లారీ వచ్చింది. ఎనిమిది బిందెలూ నేనే మోశాను. మూడు రోజులు నడుం పట్టేసి మంచం మీదున్నాను. అదీ విశ్రాంతే కదా!

నా అభిప్రాయం మారిందనుకునేరు. కరువు ముమ్మాటికీ వరమే! కానీ ఇంత వరాన్ని మా వీధివాళ్ళమే అనుభవించడం న్యాయమా? వచ్చే ఎండాకాలానికి దాన్ని ఆ బంగళావారికి ఇచ్చేయాలని ప్రార్థిస్తున్నాను. వరసలో ఎక్కడ నిలబడాలో మా అలమేలు చూపిస్తుంది.